బుట్టలోదీ అద్దం వెనకదీ

చేప మొప్ప ఎత్తి చూపించకుండా ధర చెప్పకూడదని మా అత్త నేర్పింది నాకు. ముందు మొప్పలో ఎరుపు కనబడాలి, ఆ తర్వాత ధర వినబడాలి. ముందే ధర చెప్పి ఆనక మొప్ప ఎత్తామనుకోండి, అదే చేప, అదే ఎరుపు, అయినా కొనే మనిషి మొహం ముడుచుకుంటుంది. ఇంకోటి కూడా నేర్పింది. కొసరు ఎప్పుడూ తూకంలో కలిపెయ్యకూడదు. సంచీ మూతి ముడేశాక, కొన్నావిడ వెనక్కి తిరిగి నాలుగడుగులు వేశాక, "అమ్మాయ్, ఆగాగు" అని కేకేసి పిలిచి, గుప్పెడు చిట్టి రొయ్యలు పైన వెయ్యాలి. ఆ గుప్పెడు రొయ్యల ఖరీదు చేప ధరలో ఎప్పుడో చేరిపోయి ఉంటుంది. ఆ సంగతి నాకూ తెలుసు, కొనేవాళ్ళలో తెలివైనవాళ్ళకీ తెలుసు. తెలిసినా సరే, ఆ పిలుపుకి వాళ్ళ మొహం విచ్చుకునేది.

కాబట్టి బేరంలో మాయ ఉండదని నమ్మే అమాయకురాలిని కాదు నేను. ఆ మాయ చేసే బతికాను. ఐతే అందులో నాకు తెలియని మెలిక ఇంకోటి ఉందని పోయినేడు తెలిసింది. కార్తీకం వెళ్ళి క్రిస్మస్ వచ్చేలోపల.

మా అబ్బాయి కోటి ఆటోనగర్‌లో లేతు మిషన్ మీద పనిచేసేవాడు. ఆ మిషన్ వాడి ఎడమచేతి వేళ్ళు రెండు తీసుకుంది. గాయం మానింది గానీ మనిషి కోలుకోలేదు. పగలంతా గోడవైపు తిరిగి పడుకునేవాడు. అన్నం పెడితే తినేవాడు, పెట్టకపోతే అడిగేవాడు కాదు. చిన్నప్పట్నుంచీ వీధి వీధంతా నవ్వించిన పిల్లాడు. ఇంట్లో మనిషి ఉన్నాడో లేడో తెలియకుండా అయిపోయాడు. కోడలు పద్మశ్రీ బట్టల కొట్లో పనికి పోయేది. నేను కంకిపాడు మెయిన్ రోడ్డు పక్కన, ఎప్పట్లాగే, చేపల బుట్ట ముందు కూర్చునేదాన్ని. అట్లా ఈడుస్తున్న రోజుల్లో నా వెనకాల ఉన్న పంక్చర్ల కొట్టు ఖాళీ అయింది.

"అక్కడ చేపల షాపు పెడదామండీ," అంది పద్మశ్రీ మొగుడితో. "అత్తయ్యని ఎరగనివాళ్ళెవరున్నారు ఈ ఊళ్ళో? మీరు తూకం దగ్గర నిలబడితే చాలు. కొయ్యడానికి మనిషిని పెట్టుకుందాం."

గోడవైపున్న కోటి ఇటు తిరిగాడు. నాకది చాలు.

పద్మశ్రీకి వరసకి అన్న ఒకతను ఉన్నాడు, జానకిరామ్ అని. బెజవాడలో చీరల షాపులవాళ్ళకి ఏ పండక్కి ఏ ఆఫర్ పెట్టాలో చెప్పడమే అతని ఉద్యోగం. అట్లాంటి ఉద్యోగాలు కూడా ఉంటాయని నాకు తెలీదు. నెమ్మదైన మనిషి, మర్యాదగా మాట్లాడతాడు, పెట్టింది వంక పెట్టకుండా తింటాడు. కార్తీకమాసం మా బేరాలు ఎలాగూ పడుకునే రోజులు గదా, ఆ నెలంతా ఆదివారం ఆదివారం వచ్చి కొట్టు సర్దించాడు. అద్దాల పెట్టె, అందులో ఐసు, పైన నీలంరంగు లైటు.

ఒకరోజు మజ్జిగ తాగుతూ నాకు తన విద్య చెప్పాడు.

"అత్తయ్యగారూ, చీర మీద మూడువేలు అని రాశామనుకోండి, ఎవరూ చెయ్యి కూడా వెయ్యరు. అదే ఆరువేలు రాసి, అడ్డంగా గీత కొట్టి, కింద మూడువేలు రాస్తే చీరలు లాక్కుంటారు. ఎంత మిగిలిందో చూసుకుంటారు గానీ ఎంత పోయిందో చూసుకోరండి."

"ఆ ఆరువేలు పోసి ఎవరైనా ఎప్పుడైనా కొన్నారా బాబూ?"

"ఎవరూ కొనరండి. అది కొనడానికి కాదు, చూడ్డానికి."

నేను నవ్వి నవ్వి కొంగుతో కళ్ళు తుడుచుకున్నాను. అతను ఇంకా చెప్పాడు. ధర అనేది ఒంటరిగా ఉంటే మనిషికి అంతుపట్టదట. పక్కన ఇంకో ధర ఉండాలట. ఆ పక్కది కాస్త ముతగ్గా ఉండి, కాస్త ఎక్కువ చెబితే, ఇటుపక్కది చవకని మనసు దానంతటదే తీర్మానం చేసేసుకుంటుందట.

"నీ చేతిలో పడితే ఇసక కూడా అమ్ముతావు గదయ్యా," అన్నాను.

"మీ కొసరు ముందు నేనెంతండీ," అన్నాడు. ఆ మాటకి పొంగిపోయాను కూడా.

జనం అరటిదొప్పల్లో దీపాలు పెట్టి కాలవలో వదిలి పోలిని స్వర్గానికి పంపిన మర్నాడు కొట్టు తెరిచాం. నెలరోజులు నోరు కట్టుకున్న ఊరు ఆవేళ చేపలకోసం మీదపడుతుంది. కైకలూరు చెరువుల్నించి తెల్లారేసరికి వ్యాను వచ్చి, శీలావతీ బొచ్చే ఐసుపెట్టెల్లో దించి వెళ్ళింది. అద్దం మీద పెద్ద బోర్డు పెట్టారు. 320 మీద ఎర్రగీత. కింద 240 మాత్రమే. కొయ్యడం ఉచితం, మసాలా ప్యాకెట్టు ఉచితం.

"అదేంట్రా," అన్నాను కోటితో. "కార్తీకం ముందు దాకా రెండొందలకి ఇచ్చిన చేప గదా."

"కోసి ఇస్తున్నాం గదమ్మా. ఐసుకి ఖర్చు లేదా?" అని, నా చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చాడు. కొట్టు గుమ్మం పక్కన కొత్త గొడుగు పాతించాడు. కింద నా పీట, నా పాత బుట్ట, తడిగోనె. "నువ్వు ఇక్కడే కూర్చోవాలి. ఈ కొట్టుకి లక్ష్మివి నువ్వే. బయట నీ బుట్ట లేకపోతే జనానికి ఇది మన కొట్టని తెలీదు."

"మరి నేనెంత చెప్పనురా?"

"రెండొందల అరవై. ఎవరడిగినా తగ్గించకు."

"లోపల తక్కువై బయట ఎక్కువేంట్రా? అదీ ఇదీ ఒకే పెట్టెలోదేగా?"

"నీ చెయ్యికి పేరుందమ్మా. పేరుకి ఆమాత్రం ఉండొద్దూ?"

కన్నకొడుకు, అందులోనూ ఇన్నాళ్ళకి నోరువిప్పి మాట్లాడిన కొడుకు, నీ చెయ్యికి పేరుందంటే ఏ తల్లి బేరమాడుతుంది? ఆ పొద్దున నేను కొత్త బుట్ట, ఉతికిన చీర తీసి పెట్టుకున్నాను. పద్మశ్రీ వద్దంది. "పాత బుట్టే బాగుంటదత్తయ్యా. ఆ చీర కూడా మార్చకండి. మీరు ఎట్లా ఉండేవాళ్ళో అట్లాగే ఉండాలి." నా బుట్టలోకి కాస్త ఐసు అడిగితే లోపలికే సరిపోవట్లేదంది. నిజమే కాబోలు అనుకున్నాను.

స్కూటర్ మీద మొగుడూ పెళ్ళాం వచ్చి ఆగారు. మొదటి బేరం నాదే అనుకుని మొప్ప ఎత్తి చూపించాను.

"మామ్మా, ఎంత?"

"రెండొందల అరవయ్యమ్మా. చూడు, మందారప్పువ్వల్లే ఉంది."

"అమ్మో," అంది ఆ పిల్ల. ఆ అబ్బాయి అప్పటికే బోర్డు చూశాడు. "లోపల రెండొందల నలభైయేనంట, మూడొందల ఇరవైది. కోసిస్తారంట, మసాలా ఫ్రీ అంట. ఎండలో పెట్టుక్కూర్చుని దీనికి అరవయ్యా! ఆశకి అంతుండాలి."

వాళ్ళు లోపలికి పోయారు. తిరిగొచ్చేటప్పుడు ఆ పిల్ల మొహం చూడాలి. ఏదో గెలుచుకొచ్చినట్టు సంచీ ఊపుకుంటూ వెళ్ళింది. నాకు తెలిసిన వెలుగే అది. గుప్పెడు రొయ్యలు పైన వేస్తే వచ్చే వెలుగు. ఇప్పుడు గీత కొట్టిన అంకెని చూసి వస్తోంది.

రోజంతా అదే వరస. నా దగ్గర ఆగుతారు, అడుగుతారు, "అమ్మో" అంటారు, లోపలికి పోతారు. మధ్యాన్నానికి నా బుట్టలో చేప పెట్టింది పెట్టినట్టే ఉంది. కోటి వచ్చి ఆ చేపలన్నీ లోపలికి తీసుకెళ్ళి, కడిగి, ఐసు మీద తలలన్నీ ఒకవైపుకి పేర్చాడు. చూస్తుండగానే అయిపోయాయి.

"ఒరేయ్, అద్దం వెనక్కి పోగానే దానికి పెళ్ళికళ వచ్చిందిరా!" అని అరిచాను బయట్నించి.

కోటి నవ్వాడు. గట్టిగా, తల వెనక్కి వేసి, పాత కోటి నవ్వినట్టు. పద్మశ్రీ ఉలిక్కిపడి మొగుడి వంక చూసి, గబుక్కున ఐసు పెట్టె సర్దే నెపం పెట్టుకుని వెనక్కి తిరిగింది. ఏడుస్తోందని వీపు చెప్పింది. ఆ నవ్వు కోసం నేను జీవితాంతం ఖాళీగా కూర్చోమన్నా కూర్చునేదాన్ని.

నా బుట్ట దగ్గర మానకుండా కొన్నది ఒక్క తెరేసమ్మగారు. నర్సుగా చేసి రిటైరైన మనిషి. మా వెనక వీధిలోనే ఇల్లు, కొడుకూ కోడలూ ఆవిడ దగ్గరే ఉంటారు. నా కోటి భూమ్మీద పడగానే ఎత్తుకున్న చెయ్యి ఆవిడది. ఆదివారం వాళ్ళ చర్చి గుళ్ళో పూజ కాగానే తెల్లచీరతో నేరుగా నా దగ్గరికే వచ్చేవారు. బోర్డు వంక చూసేవారు కాదు, ధర అడిగేవారు కాదు. ఒక్క చేప తియ్యమనేవారు.

"మొప్ప చూడండమ్మా."

"నీ దగ్గర చూసేదేముంది మాణిక్యం. ఇటివ్వు."

ఊరంతా నన్ను దాటి పోతుంటే ఆ మాట నాకెంత బలమో మీకు ఎట్లా చెప్పను. నా వాటా కొసరు రొయ్యలన్నీ ఆవిడ సంచీలో పోసేసేదాన్ని. పక్క కాఫీ హోటల్ కుర్రాడు ఎగతాళి చేసేవాడు. "పిన్నీ, మొత్తం కొసరే ఇచ్చేస్తున్నావు, చేప ఊరికే వెళ్తున్నట్టుంది." "నీకెందుకురా, నీ నీళ్ళ టీ నువ్వు చూసుకో" అనేదాన్ని. గర్వంగానే అనేదాన్ని.

డిసెంబరు వచ్చింది. ఇళ్ళ మీద కాగితం నక్షత్రాలు వేలాడాయి. మా కొట్టు ముందు స్కూటర్లు నిలపడానికి చోటు చాలడం లేదు. కోటి కొత్త చొక్కా కుట్టించుకున్నాడు. వేళ్ళు లేని చెయ్యిని జేబులో దాచుకోవడం మానేశాడు. ఆ చేత్తోనే సంచీ పట్టుకుని, రెండో చేత్తో చేప జారవిడిచేవాడు.

ఓ ఆదివారం తెరేసమ్మగారు చేప తీసుకుని వెళ్ళాక చూస్తే పీట పక్కన ఆవిడ కళ్ళజోడు ఉంది. అది లేకపోతే ఆవిడకి బైబిలు కనబడదు, బియ్యంలో రాళ్ళు కనబడవు. కోటికి చెప్పి నేనే బయల్దేరాను. వాళ్ళ ముందు గది నిండా అరిసెల పిండి పళ్ళేలు పరిచి ఉంటే తొక్కడమెందుకని పెరటిదారిన వెళ్ళాను.

పెరట్లో బట్టలుతికే రాయి పక్కన నేనిచ్చిన చేప ఉంది. కొయ్యలేదు, కడగలేదు. రెండు పిల్లులు చెరోవైపునించీ తింటున్నాయి. పక్కన నా రొయ్యలు పోసి ఉన్నాయి. వాటిని ముట్టుకోను కూడా లేదు, కడుపు నిండినట్టుంది. వంటింట్లోంచి చేపల పులుసు వాసన ఘుమఘుమలాడుతూ వస్తోంది. కిటికీలో మా కొట్టు పేరు అచ్చేసిన సంచీ కనబడుతోంది.

తెరేసమ్మగారు గిన్నె కడగడానికి బయటికి వచ్చి నన్ను చూశారు. నేను ఎటు చూస్తున్నానో కూడా చూశారు.

"మాణిక్యం..." అన్నారు.

"కళ్ళజోడు మర్చిపోయారమ్మా," అన్నాను. "ఏం, ముల్లు గట్టిగా ఉందా అండీ?"

ఆవిడకి తప్పించుకునే దారి ఇద్దామని అన్నాను. ఆవిడ అబద్ధం ఆడలేని మనిషి. గిన్నె కింద పెట్టి, చేతులు చీరకి తుడుచుకుని, నా భుజం మీద చెయ్యి వేశారు.

"ఏమీ అనుకోకు మాణిక్యం. మీ పద్మశ్రీ మా కోడలు జెస్సికాతో చెప్పింది. చెడ్డగా చెప్పలేదు, నీమీద ప్రేమతోనే చెప్పింది. 'అత్తయ్యకి ఊసుపోదండీ, ఇంట్లో కూర్చోమంటే వినరు, నిన్న మిగిలినవి బుట్టలో పెట్టిస్తున్నాం, మీరు మాత్రం లోపలే తీసుకోండి' అంది. ఊళ్ళో అందరికీ తెలిసిందేలే. ఎవరూ నిన్ను తప్పుగా అనుకోవట్లేదు. ఈ వయసులో నువ్వు ఎండలో కూర్చునుంటే నేను చూస్తూ ఎట్లా దాటిపోను చెప్పు?"

నిన్నటి చేప. చేపలమ్ముకు బతికేవాళ్ళకి అంతకన్నా పెద్ద తిట్టు లేదు. పొద్దు వాలేసరికి మిగిలిన చేపకి ఉప్పు పట్టించి డాబా మీద ఎండేసేదాన్ని. తుపాను పట్టి వారం రోజులు బేరం లేకపోయినా, ఇంట్లో గింజలు లేకపోయినా, పచ్చిచేపకి రెండో పొద్దు చూపించి ఎరగను. అది ఇవాళ తెల్లారి వ్యానులో దిగిన చేపమ్మా అని నోటిదాకా వచ్చింది. లోపలి చేపా అదీ ఒకే పెట్టెలో ఒకదానిమీద ఒకటి పడుకుని వచ్చాయమ్మా అని.

ఆ మాట అంటే కోటి కొట్టులో వాళ్ళు అబద్ధం చెబుతున్నారన్నట్టే. తెరేసమ్మగారికి చెబితే జెస్సికాకి తెలుస్తుంది, జెస్సికాకి తెలిస్తే సాయంత్రం గుళ్ళో అందరికీ తెలుస్తుంది.

"అవునండీ," అన్నాను. "ఇంట్లో ఊసుపోదు."

"కూర్చో, కాస్త పులుసన్నం తినిపో."

"కొట్టు దగ్గర జనం ఉన్నారమ్మా," అని వచ్చేశాను.

కొట్టు దగ్గరికి పోలేదు. ఇంటికి పోయి గడప మీద కూర్చున్నాను. జానకిరామ్ చెప్పిందంతా ఒక్కొక్కటే గుర్తొచ్చింది. పక్కన ఇంకో ధర ఉండాలి. ముతగ్గా ఉండాలి. కొనడానికి కాదు, చూడ్డానికి. అప్పుడు కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వింది నేనే గదా. పాత బుట్ట ఎందుకు బాగుందో, ఐసు ఎందుకు సరిపోలేదో అర్థమైంది.

సాయంత్రం దీపాలు పెట్టే వేళకి వాళ్ళిద్దరూ వచ్చారు. "ఏంటమ్మా, చెప్పకుండా వచ్చేశావు, ఒంట్లో బాలేదా?" అంటూ కోటి నుదుటి మీద చెయ్యి పెట్టబోయాడు.

"నా బుట్టలోది నిన్నటి చేపంటరా?"

వాడి చెయ్యి అక్కడే ఆగిపోయింది. పద్మశ్రీ గుమ్మంలోనే నిలబడిపోయింది.

"నేనే అన్నానత్తయ్యా," అంది. "ఆయన కాదు. జెస్సికాగారు గుచ్చిగుచ్చి అడిగారు. ఒకే చేపైతే బయట ఎక్కువెందుకు, లోపల తక్కువెందుకని. ఏం చెప్పను? ఏదో ఒకటి చెప్పాలి గదా. ఒకరికి చెబితే అందరూ అదే అడగడం, అదే చెప్పడం అయిపోయింది."

"మీ అన్న చెప్పించాడా?"

"బుట్ట పెట్టమన్నది అన్నయ్యే. ఈ మాట మాత్రం నాదే." పద్మశ్రీ గుమ్మం దాటి లోపలికి వచ్చింది. "ఆయన లేచి తిరుగుతున్నారత్తయ్యా. నవ్వుతున్నారు. నేను ఏ మాటైనా అంటాను."

కోటి నా ముందు నేలమీద చతికిలబడ్డాడు. "అమ్మా, ఒట్టిగా లోపల రెండొందల నలభై అంటే వెనక్కిపోతారు. పక్కన నీ బుట్ట చూశాకే అది చవకనిపిస్తుంది. నిన్ను చూసే లోపలికొస్తున్నారమ్మా!"

వాడు ఆ మాట నన్ను మెచ్చుకుంటూ అన్నాడు. ఆ సంగతి వాడి కళ్ళలో చూశాను.

"నాకెందుకు చెప్పలేదురా?"

"చెబితే కూర్చుంటావా?"

లేచి పొయ్యి దగ్గరికి పోయి అన్నం వార్చాను. ముగ్గురం తిన్నాం.

మర్నాటి నుంచీ జ్వరమని మంచమెక్కాను. జ్వరం లేదు. వాళ్ళకీ తెలుసు, అడగలేదు. కొట్టు ముందు గొడుగు ఉంది, కింద ఖాళీ. వచ్చినవాళ్ళు బోర్డు చదివి, "రెండొందల నలభయ్యా? అవతల చెరువు దగ్గర రెండొందలకే ఇస్తున్నారు" అని వెళ్ళిపోతున్నారని పద్మశ్రీ ఎవరితోనో ఫోనులో చెబుతుంటే విన్నాను. కోటి ముందటిలా మాట తగ్గించాడు. అన్నం కలుపుతూ కలుపుతూ ఎటో చూసేవాడు. చెయ్యి మళ్ళీ జేబులోకి పోయింది.

జానకిరామ్ వచ్చి నన్ను పలకరించి, యాపిల్ పళ్ళు పెట్టి, ముందు గదిలో కోటితో మెల్లిగా అంటున్నాడు. ఇల్లు చిన్నది, మెల్లిగా అన్నా వినబడుతుంది.

"అత్తయ్యగారిని బలవంతం చెయ్యకు బావా. పెద్దావిడ. ఇంకో ముసలామెని చూద్దాం. రోజుకూలీ ఇస్తే కూర్చునేవాళ్ళు బోలెడు. అట్లాంటి బుట్ట ఒకటి కొంటే సరి."

కోటి ఏమంటాడోనని ఊపిరి బిగబట్టి విన్నాను.

"వద్దు బావా," అన్నాడు చివరికి. "ఎవరి తల్లినీ అక్కడ కూర్చోబెట్టలేను. మూసేద్దాం."

ఆ మాటకి సంతోషించాలి నేను. ముక్కలయ్యాను. మూసేద్దాం అన్నాక వాడు లేచి, గదిలోకి వచ్చి, గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ వీపు చూస్తూ ఎంతసేపు కూర్చున్నానో తెలీదు. వేళ్ళు పోయిన రోజున ఆస్పత్రిలో కూడా నాకు అంత భయం వెయ్యలేదు.

క్రిస్మస్ ముందురోజు తెల్లారకముందే లేచి, నీళ్ళు పోసుకుని, పాత చీర కట్టుకుని, వాళ్ళకంటే ముందు వెళ్ళి గొడుగు కింద పీట వేసుకున్నాను. వ్యాను వచ్చింది. కోటి షట్టర్ ఎత్తుతూ నన్ను చూసి నిలబడిపోయాడు.

"అమ్మా, నువ్వు..."

"నిలబడతావేంట్రా, జనం వస్తారు. నా బుట్టలోకి నాలుగు చేపలు పడెయ్," అన్నాను.

ఎనిమిది కొట్టేసరికి కొట్టులోంచి వరస బయటికొచ్చి, నా గొడుగు దాటి, హోటల్ దాకా పోయింది. పాత రేడియోలా ఒకటే గోల. అప్పుడొచ్చింది ఓ అమ్మాయి. కొత్తగా పెళ్ళైనట్టుంది, గాజులు ఇంకా చేతికి అలవాటు కాలేదు. వరస వదిలేసి నేరుగా నా ముందు గొంతుక్కూర్చుంది.

"మామ్మా, రేపు మా అత్తగారూవాళ్ళు మొదటిసారి మా ఇంటికొస్తున్నారు. మా అమ్మ లేదు, నాకు చేప చూడ్డం ఎవరూ నేర్పలేదు. మంచిది నువ్వే ఏరి పెట్టవా? ధర ఎంతైనా పర్లేదు."

నెల రోజులుగా నన్ను ఆ మాట అడిగినవాళ్ళు లేరు. పెట్టెలో అన్నిటికన్నా మంచి శీలావతి ఆవేళ నా బుట్టలోనే పడింది. నడుము బలంగా, కళ్ళు నీటిబొట్లలా ఉన్నాయి. రెండు చేతులతో ఎత్తాను.

"ఇదిగో తల్లీ..."

వరసలోంచి ఒకావిడ వంగి ఆ అమ్మాయి భుజం తట్టింది. "అక్కడెందుకమ్మాయ్, అది నిన్నటిది. ముసలావిడ ఊసుపోక కూర్చుంటుంది. నీకు తెలీదేమో, వరసలో నిలబడు."

ఆ అమ్మాయి నా మొహంలోకి చూసింది. "నిజమా మామ్మా?"

వరసలోవాళ్ళంతా మా వైపు తిరిగారు. లోపల కత్తి చప్పుడు ఆగింది. పద్మశ్రీ మసాలా ప్యాకెట్లు పట్టుకుని అట్లాగే ఉండిపోయింది. అద్దం వెనక కోటి, వేళ్ళు లేని చేత్తో సంచీ తెరిచి పట్టుకుని, నన్నే చూస్తున్నాడు. వాడు తల ఊపలేదు, వద్దనలేదు. నా నోటి వంక చూస్తున్నాడంతే.

"అవునమ్మా," అన్నాను. "నిన్నటిదే. కొత్త కోడలివి, అత్తగారికి పెట్టుకునేది, లోపల తీసుకో. అక్కడ తాజాగా ఉంది."

ఆ అమ్మాయి నా మోకాలు ఆప్యాయంగా నొక్కింది. "ఎంత మంచిదానివి మామ్మా, వేరేవాళ్ళైతే అంటగట్టేసేవాళ్ళు," అని లేచి వరస చివరికి వెళ్ళింది.

"పాపం, ఉన్నది ఉన్నట్టు చెప్పే మనిషి," అంది భుజం తట్టినావిడ.

"ఆ తల్లి కొడుకు కొట్టు గనకే ఇంత నమ్మకం," అంది ఆవిడ వెనకున్నావిడ.

కోటి పెదవి కదిలింది. ఏదో అనబోయాడు. వరసలో ముందున్నతను "బాబూ, త్వరగా కానీ, అవతల ఇంట్లో పని ఉంది" అన్నాడు. కోటి తల దించుకుని చేపని తూకంలో పెట్టాడు.